వేదనాయగం శామ్యూల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (ఆగస్టు 17, 1874 - జనవరి 1, 1945) ఆంగ్లికన్ క్రైస్తవ సంఘంలో బిషప్ పదవిని పొందిన మొట్టమొదటి భారతీయుడు. జన్మతః తమిళుడైనప్పటికీ, జీవితంలోని చివరి ముప్పై ఐదేళ్లకు పైగా కాలాన్ని తెలుగువారి నడుమ, తెలుగు భాషలోనే సేవ చేస్తూ గడిపాడు. ఆయన కేంద్రంగా చేసుకొన్న డోర్నకల్ ఆనాడు నిజాం రాజ్యంలో ఉండేది. ఇప్పుడు తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉంది. బీదలు ఇతరుల దయపై ఆధారపడి బ్రతకవలసినవారు కారనీ, తమకున్న కొద్దిపాటి దానిలో నుండి ఇవ్వగలవారనీ నమ్మి, ఆ నమ్మకంపైనే ఒక సంఘాన్ని నిర్మించినవాడుగా అజరయ్య ప్రసిద్ధుడు.

బాల్యం, విద్య

అజరయ్య తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం నాడార్ కులస్థుడు. మిషన్ పాఠశాలలో చదువుతున్న కాలంలో 1839లో క్రైస్తవ మతాన్ని స్వీకరించి, తరువాత గురువుగా అభిషేకం పొందాడు. తల్లి పేరు ఎలెన్. వివాహమైన పదమూడేళ్ళకు కలిగిన కుమారుడు కావడంతో, బైబిలులో ప్రార్థన ఫలంగా పుట్టిన బాలుని పేరే ఇతనికీ పెట్టారు. తండ్రి చిన్నతనంలోనే మరణించాడు. విద్యార్థి దశలోనే తోటి పిల్లలలో కులభేదాలను తొలగించడానికి ఒక సమాజాన్ని ఏర్పరచడంలో పాల్గొన్నాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గణితశాస్త్రం అభ్యసించాడు కాని, అనారోగ్యం వలన చివరి పరీక్ష వ్రాయలేకపోయాడు. కావున పట్టభద్రుడు కాలేదు. అటువంటి వ్యక్తికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, దక్షిణ భారతమంతటా పర్యటించాడు. 1898లో అంబు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కళాశాల విద్య నభ్యసించిన తొలి తరానికి చెందిన విదుషీమణి ఆమె. అజరయ్య కట్నం పుచ్చుకొనలేదు. పెండ్లి ఖర్చు మొత్తం నలభై రూపాయలు మాత్రమే అయిందని చెబుతారు. క్రైస్తవులలో సైతం కట్నకానుకలకు, ఊరేగింపులకు అప్పులు చేసే ఆచారమున్న ఆ కాలంలో ఇది సామాన్య విషయం కాదు.

డోర్నకల్‌కు రాక

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నాకు వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ధనంతో ఇతర ప్రాంతాలకు ప్రచారకులను పంపడం చూసి, అంతకంటె పెద్దదైన తిరునెల్వేలి సంఘం అటువంటి పని ఏదీ చేయనందుకు సిగ్గుపడ్డాడు. మరుసటి సంవత్సరం, 1903లో, పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపితమైంది. భారతీయ ధనం, భారతీయ సేవకులు, భారతీయ నిర్వహణ అన్నవి దాని నియమాలు. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయన ముఖ్యపాత్ర వహించాడు.

విదేశీయులు తమ సుఖాన్ని వదలుకొని తెలుగు దేశానికి రావడం అప్పటికి కొత్త కాదు. 1836లోనే జార్జి బీర్ అనే చెప్పులు కుట్టే పనివాడు, విలియం బౌడెన్ అనే రాతి పనివాడు తమ భార్యలతో ఇంగ్లండు నుండి వచ్చి, స్థిరమైన జీతం ఏదీ లేకుండా గోదావరి డెల్టాలో పనిచేశారు. కోనసీమకు వశిష్ఠ గోదావరి ఆవలి గట్టున ఉన్న నరసాపురం వారి కేంద్రాలలో ఒకటి. అయితే పొరుగు రాష్ట్రపు భారతీయులు చందాలు పోగుచేసుకొని తెలుగు గ్రామాలకు సేవకులను పంపడం కొత్త విషయం. తిరునెల్వేలి సంఘం తన కార్యక్షేత్రంగా డోర్నకల్‌ను ఎన్నుకొన్నది.

ఇతరులను పంపి తాను నగరంలో ఉండిపోవడం అజరయ్య మనసుకు నచ్చలేదు. 1909లో, ముప్పై ఐదవ యేట, దేశవ్యాప్తమైన పేరునూ పదవినీ వదలి గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరాడు. మొదట గుడారంలో కాపురం. భాష రాదు, ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకొని ఉపన్యసించే స్థాయికి ఎదిగాడు. ఎడ్లబండి మీదా, సైకిలు మీదా గ్రామాలు తిరిగాడు.

బిషప్ పదవి

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో సుమారు 1,200 మంది ప్రతినిధులు పాల్గొనగా, ఆసియా వాసులు ఇరవై మంది లోపే ఉన్నారు. అక్కడ అజరయ్య మిషనరీలను నిర్మొహమాటంగా విమర్శించాడు. వారు ధనమిచ్చారు, ప్రాణాలనూ అర్పించారు, కాని భారతీయులను సమానులుగా ఎంచి స్నేహితులు కాలేదన్నది ఆయన వాదం. సభలో చాలామందికి ఇది రుచించలేదు.

రెండేళ్ళకు, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో పదకొండుమంది బిషప్పులు కలిసి ఆయనను డోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఇందుకు పట్టుబట్టి కృషి చేశాడు. భారతీయుని క్రింద పనిచేయడానికి కొందరు ఐరోపా మిషనరీలు ఇష్టపడలేదు. వ్యతిరేకించినవారిలో కొందరు భారతీయులూ ఉండడం విచారకరం. మొదట చిన్నదిగా ఉన్న ఆయన పరిధిలోకి తరువాతి కాలంలో కృష్ణా, గోదావరి ప్రాంతాలలోని చర్చి మిషనరీ సొసైటీ సంఘాలు కూడా చేరాయి.

పిడికెడు బియ్యం

డోర్నకల్ సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. వారికి బాప్తిస్మం పొందడమంటే కేవలం ప్రార్థన మార్చుకోవడం కాదు. చచ్చిన పశువు మాంసాన్ని, మద్యాన్ని మానాలి. గ్రామదేవతల కొలువులకు దూరం కావాలి. పలుచోట్ల భూస్వాములు కోపించి పని మానిపించేవారు. అసలే అప్పులలో ఉన్నవారికి ఇది అన్నం మీద దెబ్బ.

ఇటువంటివారిని విరాళాలిమ్మని అడగడం కఠినంగానే తోస్తుంది. అజరయ్య అడిగాడు. గృహిణి వంటకు బియ్యం కొలుచుకొన్న ప్రతిసారీ ఒక పిడికెడు వేరే కుండలో వేసి, ఆదివారం ఆరాధనకు తేవాలి. కోతల కాలంలో ధాన్యం, కోళ్ళు, కూరగాయలు కానుకలుగా వచ్చేవి. ఉపదేశకుల జీతాలకు ఇవి తోడయ్యేవి. విదేశీ ధనం సులువుగా వస్తున్నప్పుడు పేదలను పీడించడమెందుకన్న ప్రశ్నకు ఆయన సమాధానం ఒకటే: ఎల్లప్పుడూ పుచ్చుకొనే చేయి తలెత్తుకోలేదు. దానధర్మాలపై ఆంగ్లంలో ఒక గ్రంథం కూడా వ్రాశాడు. బాప్తిస్మ సమయంలో ప్రతి ఒక్కరూ తమ తలపై చేయి ఉంచుకొని, సువార్త చెప్పడం తమ బాధ్యత అని ప్రమాణం చేసే పద్ధతి నెలకొల్పాడు. అక్షరం రాని కూలీ సైతం ఆ క్షణం నుండి ఉపదేశకుడే.

దీని ఫలితం అంకెలలో కనిపిస్తుంది. ఆయన పరిధిలోకి వచ్చిన ప్రాంతాలలో 1912లో సుమారు 56,000 మంది ఆంగ్లికన్ క్రైస్తవులుండగా, 1941 నాటికి 2,25,000 మందికి పైగా అయ్యారు. 1935 నాటికి రెండువేల మందికి పైగా గ్రామోపాధ్యాయులుండేవారు. మాల, మాదిగ పల్లెల్లో వచ్చిన మార్పును చూచి 1930లలో సవర్ణ రైతు కులాలవారు కూడా కొందరు సంఘంలో చేరారు. కూలీకి లోకువైనవాడే భూస్వామికి గురువైన సందర్భమిది. అయినా మాల, మాదిగల మధ్య గల వైరం సంఘంలో పూర్తిగా అంతరించలేదన్నదీ నిజమే.

గాంధీజీతో విభేదం

క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అజరయ్య వాదించాడు. ఇందులో గాంధీజీ అభిప్రాయమూ అదే. కాని సామూహిక మతాంతరీకరణ విషయంలో ఇద్దరూ ఏకీభవించలేదు. 1937లో కలిసి చర్చించినా విభేదం తొలగలేదు. పేదవాడు తన మతాన్ని తాను ఎంచుకోలేడనడం అతనిని తక్కువ చేయడమేనని అజరయ్య భావించాడు.

చివరి సంవత్సరాలు

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథీడ్రల్ నిర్మాణం ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మినార్లు, పద్మాలు చెక్కిన స్తంభాలతో హిందూ, ఇస్లామీయ శైలులు ఆ కట్టడంలో కలిసిపోయాయి. ఇంగ్లండు చర్చిని నకలు తీయడం ఆయనకు సమ్మతం కాలేదు.

దక్షిణ భారతంలోని వివిధ ప్రొటెస్టెంట్ శాఖలను ఏకం చేయాలని 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నుండి కృషి చేశాడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో మరణించే నాటికి ఆ పని పూర్తి కాలేదు. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆవిర్భవించింది. విజయవాడలో ఒక బాలికోన్నత పాఠశాల అజరయ్య పేరు మీద ఉంది.