కండరాల శక్తి రహస్యాన్ని కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు

చెడుగుడు ఆట చూడని వారు మన ప్రాంతాల్లో ఉండరు. తమిళనాట సడుగుడు అన్నా, మహారాష్ట్రలో హుతుతు అన్నా, అంతటా కబడ్డీ అన్నా ఆట ఒక్కటే. కూతకు వెళ్ళిన ఆటగాడు ఊపిరి బిగబట్టి ప్రత్యర్థుల మధ్యకు దూసుకుపోతాడు. ఒకరిని తాకి, మరొకరి పట్టు విడిపించుకొని, గీత దాటి వెనక్కు వస్తాడు. పోటీల్లో ఒక కూతకు అనుమతించే సమయం 30 సెకన్లు. ఆ కొద్దిసేపూ అతడు కొత్తగా గాలి పీల్చడు. అయినా కాళ్ళు పరుగెత్తుతాయి, చేతులు పోరాడతాయి. కూత ముగించి వచ్చిన తరువాతనే రొప్పుతూ గాలి పీల్చుకుంటాడు.

ఊపిరి ఆగిన వేళ కండరానికి శక్తి ఎక్కడి నుండి వచ్చింది? పని ముగిశాక రొప్పు ఎందుకు? నూరేళ్ళ క్రితం ప్రపంచంలోని గొప్ప శాస్త్రజ్ఞులకు కూడా ఈ ప్రశ్నలకు సరైన సమాధానం తెలియదు. ఆ సమాధానానికి తలుపు తెరిచిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన తెలుగువాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు చెప్పగానే మనకు మందులు గుర్తుకు వస్తాయి. కానీ ఆయన మొదటి గొప్ప విజయం కండరానికి సంబంధించినది.

బాల్యం, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వలన ఆ ఉద్యోగం ఎక్కువ కాలం సాగలేదు. ఇంట్లో పేదరికం తప్పలేదు. చదువుపై మనసు నిలువక, బాలుడైన సుబ్బారావు ఒకసారి కాశీకి పారిపోయి, అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదించాలని బయలుదేరాడు. తల్లి వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివినా మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. చివరకు మద్రాసులోని హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడైనాడు. పరీక్ష తప్పిన విద్యార్థిని చులకనగా చూచే మనమందరం గుర్తుంచుకోవలసిన విషయమిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలన్న కోరిక ఉన్నా, వైద్యుడై ప్రజలకు సేవ చేయడమే మేలన్న హితవు ఆయనను చదువు వైపు మళ్ళించింది. శేషగిరితో వివాహం జరిగింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ఆర్థికంగా తోడ్పడ్డారు. అది గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన కాలం. సుబ్బారావు ఖద్దరు గౌను ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్య సేవలో చోటు దొరకక, మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

అంతకు ముందే కుటుంబాన్ని పెద్ద దుఃఖం ముంచెత్తింది. స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి కొద్ది రోజుల వ్యవధిలోనే ఇద్దరు సోదరులు బలయ్యారు. ఉష్ణదేశపు వ్యాధులకు మందు కనుక్కోవాలన్న పట్టుదల అక్కడే మొదలైంది. మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన ప్రోత్సాహంతో 1920ల ఆరంభంలో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు. భార్యను మామగారి ఇంట వదలి వెళ్ళారు. చేతిలో డబ్బు లేదు. రాత్రివేళ ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరి, పగలు చదువుకున్నారు.

నాటి నమ్మకం

చదువు ముగిశాక హార్వర్డు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధకుడిగా చేరారు. అప్పటికి కండరాల శక్తి గురించి ఒక సిద్ధాంతం స్థిరపడి ఉంది. ఇంగ్లండుకు చెందిన ఆర్చిబాల్డ్ హిల్ కండరం నుండి వెలువడే వేడిని అతి సూక్ష్మంగా కొలిచారు. జర్మనీకి చెందిన ఆటో మయర్‌హాఫ్ కండరంలో పుట్టే లాక్టిక్ ఆమ్లానికీ, ఖర్చయ్యే ప్రాణవాయువుకూ గల సంబంధాన్ని నిరూపించారు. వీరిద్దరికీ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే ప్రత్యక్ష కారణమని, ప్రాణవాయువు తరువాత వచ్చి ఆ ఆమ్లాన్ని తొలగిస్తుందని నాటివారు భావించారు. నోబెల్ ముద్ర పడిన మాటను ఎవరు కాదనగలరు?

ఆలస్యంగా వచ్చిన రంగు

ఫిస్క్, సుబ్బారావులు మొదట ఆ సిద్ధాంతం జోలికి పోలేదు. వారి పని చాలా సామాన్యమైనది. రక్తం, మూత్రం వంటి ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతి తయారు చేయడం వారి లక్ష్యం. ద్రవానికి మాలిబ్డేట్ అనే రసాయనాన్ని, మరొక పదార్థాన్ని కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. 1925లో ప్రచురించిన ఈ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో జీవరసాయన విద్యార్థులందరికీ పాఠమైంది.

ఈ పద్ధతిని కండరపు రసంపై ప్రయోగించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. రావలసిన నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు. నెమ్మదిగా, ఆలస్యంగా చిక్కబడసాగింది. మరొకరైతే రసాయనం పాడైందనుకొని పారబోసి ఉండేవారు. వీరు అలా చేయలేదు. కండరంలో భాస్వరమంతా విడిగా లేదని, కొంత వేరొక పదార్థంతో కలిసి ఉండి, పరీక్ష జరుగుతుండగా ఆమ్లంలో మెల్లగా విడిపోతున్నదని గ్రహించారు. ఇది సులువుగా విరిగిపోయే పదార్థం కనుక, అంతకు ముందు కొలిచినవారు దానిని మామూలు ఫాస్ఫేటుగానే లెక్కవేశారు. కంటి ఎదుటే ఉన్నా ఎవరికీ కనబడలేదు.

ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు దీనిని ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇటువంటి పదార్థాన్ని విడిగా గుర్తించారు. కండరం పనిచేసినప్పుడు ఈ పదార్థం తరిగిపోవడం, విశ్రాంతినిచ్చినప్పుడు మళ్ళీ పెరగడం ఫిస్క్, సుబ్బారావులు చూశారు. అంటే ఇది కండరంలోనే సిద్ధంగా ఉంచిన శక్తి నిల్వ. 1930లో డెన్మార్కుకు చెందిన ఐనార్ లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసిన కండరం కూడా కొంతసేపు ముడుచుకోగలదని, అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతున్నదని చూపడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది. కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని 1932లో ఒప్పుకొని వ్రాసినవారు మరెవరో కాదు, నోబెల్ గ్రహీత హిల్ గారే. తన సిద్ధాంతం తప్పని తానే అంగీకరించడం కూడా గొప్పతనమే.

1929లో ఫిస్క్, సుబ్బారావులు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏటీపీని కండరం నుండి వేరుచేసి ప్రకటించారు. అదే సంవత్సరం మయర్‌హాఫ్ ప్రయోగశాలలోని కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును అందించి, ఖర్చయిన ఏటీపీని తిరిగి తయారు చేస్తుందని లోమన్ 1934లో తేల్చారు.

శరీరంలో జరిగేది ఇదీ

ఇప్పుడు మన కబడ్డీ ఆటగాని వద్దకు వద్దాం. కండరం నేరుగా వాడుకోగలిగిన శక్తి నాణెం ఏటీపీ ఒక్కటే. కానీ చేతిలో ఉండే చిల్లర చాలా తక్కువ. పూర్తి బలంతో పనిచేస్తే రెండు మూడు సెకన్లకే అయిపోతుంది. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ ముందుకు వచ్చి ఏటీపీని నింపుతుంది. ఈ రెండూ కలిసి సుమారు 10 సెకన్ల వరకు ప్రధాన ఆధారం. దీనికి ఊపిరితో పని లేదు. నూరు మీటర్ల పరుగు దాదాపు ఈ బలంతోనే సాగుతుంది.

వెంటనే రెండవ మార్గం కూడా అందుకుంటుంది. కండరంలో నిల్వ ఉన్న గ్లైకోజన్ విరిగి, ప్రాణవాయువు లేకుండానే ఏటీపీ ఇస్తుంది. లాక్టిక్ ఆమ్లం పుట్టేది ఈ మార్గంలోనే. ఇది వేగమైనది, కాని పొదుపైనది కాదు. ఒక గ్లూకోజు అణువు నుండి రెండు ఏటీపీలే మిగులుతాయి. ప్రాణవాయువుతో పూర్తిగా దహనమైతే అదే గ్లూకోజు నుండి 30 దాకా లభిస్తాయి. అందుకే పని ఒకటి రెండు నిమిషాలు దాటితే ఊపిరితిత్తులు, గుండె, రక్తం కలిసి మోసుకొచ్చే ప్రాణవాయువే ప్రధాన ఆధారమవుతుంది. ఊరక కూర్చున్న మనిషికి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువు చాలు. కష్టపడి పరుగెత్తే ఆరోగ్యవంతుడైన యువకుడు నిమిషానికి సుమారు మూడు లీటర్లు వాడుకుంటాడు. గొప్ప దూరపరుగు క్రీడాకారులు అయిదు లీటర్లకు మించి కూడా వాడగలరు.

కూత ముగిశాక వచ్చే రొప్పు వృథా కాదు. అప్పుడు పీల్చిన ప్రాణవాయువుతో ఫాస్ఫోక్రియాటిన్ మళ్ళీ తయారవుతుంది. అర నిమిషంలో సుమారు సగం, మూడు నాలుగు నిమిషాల్లో దాదాపు మొత్తం తిరిగి చేరుతుంది. లాక్టిక్ ఆమ్లం విషమన్న మాట కూడా నేడు నిలువదు. గుండె, ఇతర కండరాలు దానిని ఇంధనంగా వాడుకుంటాయి. కాలేయం దానిని తిరిగి గ్లూకోజుగా మారుస్తుంది. రెండు కూతల మధ్య ఆటగానికి విశ్రాంతి ఎందుకు కావాలో దీనిని బట్టి తెలుస్తుంది.

దక్కని గౌరవం, ఆగని పని

ఇంతటి కృషి చేసినా హార్వర్డులో సుబ్బారావుకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్క్ కారణంగా వెలుగు చూడలేదని, తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, అదే విభాగంలో చదివి 1988లో నోబెల్ పంచుకున్న జార్జ్ హిచింగ్స్ అనంతరకాలంలో చెప్పారు.

1940లో సుబ్బారావు లెడర్లే ఔషధ సంస్థకు వెళ్ళి అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూ వ్యాధికి పనిచేసే మందు ఇదే. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్, పిల్లల రక్త క్యాన్సరులో తొలిసారి తాత్కాలికంగానైనా ఉపశమనం చూపిన అమినాప్టెరిన్, ఆరియోమైసిన్ సూక్ష్మజీవి నాశకం ఆయన సారథ్యంలోనే వచ్చాయి. గోదావరి డెల్టాలో, యానాం పరిసరాల్లో బోదకాలుతో బాధపడిన కుటుంబాలకు ఆ మందు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విజయాలకు ఒక ఇల్లు మూల్యం చెల్లించింది. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. భార్య శేషగిరి ఏళ్ళ తరబడి ఎదురు చూసింది. ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కు సమీపాన పెర్ల్ రివర్‌లోని తన నివాసంలో నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మన బడుల్లో జీవశాస్త్ర పుస్తకం తెరిస్తే ఏటీపీ అన్న మూడక్షరాలు కనబడతాయి. పిల్లలు వాటిని కంఠస్థం చేస్తారు. పక్కన సుబ్బారావు పేరు ఉండదు. ఆ పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఒక్క నిమిషం ఆగి ఆ పేరు చెప్పాలి. మూడవసారికి మెట్రిక్యులేషన్ గట్టెక్కిన కుర్రవాడు, ఆలస్యంగా వచ్చిన రంగును పారబోయక ఎందుకని అడిగినందువలన ఈ పాఠం మనకు దక్కిందని చెప్పాలి. పరీక్ష తప్పి వెనుక బల్లపై కూర్చున్న పిల్లవాడు ఆ మాట వినడం చాలా అవసరం.