వైరస్ అంతర్నిర్మాణాన్ని దర్శించిన విదుషీమణి రోసలిండ్ ఫ్రాంక్లిన్

వైరస్ అనునది అతి సూక్ష్మమైన ఒక పొట్లం వంటిది. లోపల వంశలక్షణాలను మోసే న్యూక్లిక్ ఆమ్లపు దారం, వెలుపల దానిని కాపాడే ప్రోటీను కవచం ఉంటాయి. కొన్ని వైరస్‌లలో ఆ దారం డి.ఎన్.ఏ.; మరికొన్నింటిలో దానికి సోదరి వంటి ఆర్.ఎన్.ఏ. అంత పొడవైన దారం అంత చిన్న కవచంలో ఏ విధంగా ఇమిడి ఉంటుంది? ఈ ప్రశ్నకు తొలి స్పష్టమైన సమాధానాలలో ఒకదానిని అందించిన శాస్త్రజ్ఞురాలు రోసలిండ్ ఫ్రాంక్లిన్. డి.ఎన్.ఏ. చరిత్రలో ఆమె పేరు ప్రసిద్ధమే గాని, జీవితపు చివరి ఐదేళ్లలో ఆమె సాగించిన వైరస్ పరిశోధనను ఎరిగినవారు తక్కువ.

1920 జూలై 25న లండను నగరంలో ఒక యూదు కుటుంబంలో ఆమె జన్మించారు. తండ్రి ఎల్లిస్ బ్యాంకు వ్యాపారి, తల్లి మ్యూరియల్. బాలికలకు భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించే పాఠశాలలు అరుదుగా ఉన్న ఆ రోజులలో, ఆ అవకాశం గల సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో ఆమె చదివారు. 1938లో కేంబ్రిడ్జిలోని న్యూనమ్ కళాశాలలో చేరి 1941లో చదువు ముగించారు. ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పురుషులతో సమానంగా పట్టాలు ఇవ్వనారంభించినది 1948లో మాత్రమే.

యుద్ధకాలంలో ఆమె బొగ్గులోని అతి సన్నని రంధ్రాలను గూర్చి పరిశోధించి 1945లో డాక్టరేటు పొందారు. 1947లో పారిస్ వెళ్లి ఎక్స్-కిరణాల విద్యలో ఆరితేరారు. ఈ కిరణాలు పదార్థం గుండా ప్రసరించినప్పుడు అందలి పరమాణువుల అమరికను బట్టి చెదిరి ఫిల్ముపై గుర్తులుగా పడతాయి. ఆ గుర్తుల స్థానాలను, గాఢతను గణించి, కంటికి కానరాని నిర్మాణాన్ని నిర్ధారిస్తారు. ఎంతో ఓర్పును కోరే పని ఇది.

1951 జనవరిలో లండనులోని కింగ్స్ కళాశాలలో డి.ఎన్.ఏ. పరిశోధన ఆరంభించారు. బాధ్యతల విషయంలో సహశాస్త్రజ్ఞుడు మారిస్ విల్కిన్స్‌తో తొలినాళ్లలోనే అపార్థాలు ఏర్పడ్డాయి. అయినను, తేమను బట్టి డి.ఎన్.ఏ. రెండు రూపాలు ధరిస్తుందని ఆమె నిరూపించారు. 1952 మే నెలలో ఆమె మార్గదర్శకత్వంలో విద్యార్థి రేమండ్ గాస్లింగ్ తీసిన 51వ నంబరు ఛాయాచిత్రంలో సర్పిల నిర్మాణపు చిహ్నాలు స్పష్టంగా కనిపించాయి. 1953 జనవరిలో ఆ చిత్రాన్ని, ఆమెకు తెలియకుండానే, విల్కిన్స్ జేమ్స్ వాట్సన్‌కు చూపారు. ఆమె కొలతలు కొన్ని ఒక నివేదిక ద్వారా ఫ్రాన్సిస్ క్రిక్‌కు చేరాయి. ఏప్రిల్ 25న 'నేచర్' పత్రికలో ఆ ఇరువురి నమూనా వెలువడినప్పుడు, ఫ్రాంక్లిన్, గాస్లింగ్‌ల వ్యాసం దానిని బలపరిచే వ్యాసంగా అదే సంచికలో అచ్చయింది.

అప్పటికే ఆమె జె.డి. బెర్నాల్ ఆధ్వర్యంలోని బిర్క్‌బెక్ కళాశాలకు మారారు. అక్కడ చేపట్టినది పొగాకు మొజాయిక్ వైరస్. పొగాకు ఆకులపై మచ్చలు కలిగించే ఈ వైరస్ కడ్డీ ఆకారంలో ఉంటుంది. పొడవు 300 నానోమీటర్లు, మందం 18 నానోమీటర్లు. ఇటువంటి కడ్డీలను మూడు వేలకు పైగా వరుసగా పేర్చితేనే ఒక మిల్లీమీటరు అవుతుంది. ఇందలి జన్యుపదార్థం ఆర్.ఎన్.ఏ.

ఆ దారం కడ్డీ నడిమధ్యన ఉంటుందని భావించడం సహజం. కాని మధ్యభాగం బోలుగా ఉన్నదని డొనాల్డ్ కాస్పర్ పరిశోధన తెలిపింది. ఫ్రాంక్లిన్ ఆర్.ఎన్.ఏ. లేని ప్రోటీను కడ్డీలను సంపూర్ణ వైరస్‌తో పోల్చారు. అక్షం నుండి 4 నానోమీటర్ల దూరాన వైరస్‌లో ఉన్న దట్టమైన పొర ప్రోటీను కడ్డీలలో కనిపించలేదు. ఆర్.ఎన్.ఏ. స్థానం అదేనని 1956లో ఆమె ప్రకటించారు. ఒకే రకమైన ప్రోటీను భాగాలు దాదాపు 2130, మూడు చుట్లకు 49 చొప్పున, చుట్టుమెట్లవలె అమరి ఉంటాయి. దారం వాటి మధ్య ఇమిడి వాటితోపాటే చుట్టుకొనిపోతుంది. పెట్టెలో నగను దాచినట్లు గాక, పూలను దారాన్ని కలిపి మాల కట్టినట్లు ఈ వైరస్ రూపొందుతుంది.

బాక్టీరియాలను పట్టే అనేక డి.ఎన్.ఏ. వైరస్‌ల తీరు వేరు. వాటిలో ముందుగా ఖాళీ కవచం సిద్ధమవుతుంది. పిదప దాని ద్వారం వద్ద గల అణుయంత్రం ఏ.టి.పి. శక్తితో దారాన్ని లోనికి నెట్టుతుంది. ఆ యంత్రపు బలాన్ని 2001లో శాస్త్రజ్ఞులు కొలవగలిగారు. వైరస్ కవచాల లోపలి అమరికను గూర్చిన ఇట్టి అన్వేషణకు ఫ్రాంక్లిన్ బృందం తొలినాటి బాట వేసింది.

1956లో ఆమెకు కాన్సరు ఉన్నట్లు బయటపడింది. శస్త్రచికిత్సల నడుమ కూడా ఆరన్ క్లుగ్, జాన్ ఫించ్, కెన్నెత్ హోమ్స్‌లతో పరిశోధన కొనసాగించారు. పోలియో వైరస్ అధ్యయనానికి పూనుకున్నారు. 1958 ఏప్రిల్ 16న, 37 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. మరునాడు బ్రస్సెల్స్‌లో ఆరంభమైన ప్రపంచ ప్రదర్శనకు ఆమె సిద్ధపరచిన వైరస్ నమూనా చేరింది. ఫించ్, క్లుగ్‌లు 1959లో ప్రచురించిన పోలియో వైరస్ నిర్మాణాన్ని ఆమె స్మృతికి అంకితమిచ్చారు.

1962లో వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు నోబెల్ బహుమతి లభించేనాటికి ఆమె జీవించి లేరు. 1982లో ఆ గౌరవం పొందిన క్లుగ్, తనను వైరస్‌ల అధ్యయనానికి మళ్లించినది ఫ్రాంక్లినేనని కృతజ్ఞతతో స్మరించారు. లండనులోని ఆమె సమాధి ఫలకంపై డి.ఎన్.ఏ. ప్రస్తావన లేదు, వైరస్‌లపై ఆమె కృషి మానవాళికి చేసిన మేలు మాత్రమే చెక్కబడి ఉంది. ఆమె తోటివారు ఆ కృషినే ఆమె కీర్తిగా ఎంచారు. బాలికకు విజ్ఞానశాస్త్రం ఏల అని సందేహించక ఒక పాఠశాల ఆమెకు ఆ విద్య నేర్పింది. ఆ నిర్ణయం ఫలితాన్ని లోకం నేటికీ అనుభవిస్తున్నది.