నాలుక అను చుక్కాని – జాన్ న్యూటన్ జీవితము

ధ్యాన భాగములు: యాకోబు 3:1–12, సామెతలు 31:8–9

పెదవి దాటిన మాట పృథివి దాటునని మన పెద్దలు చెప్పుదురు. విడిచిన మాటను వెనుకకు పిలిచి మరల నోట పెట్టుకొనిన మనుష్యుడు ఇంతవరకు పుట్టలేదు. అందుచేతనే యాకోబు తన పత్రికలో నాలుకను గుఱ్ఱపు కళ్లెముతోను, ఓడ చుక్కానితోను, అడవిని కాల్చు నిప్పుతోను పోల్చి మనలను హెచ్చరించెను. కళ్లెమును, నిప్పును మనమందరము ఎరుగుదుము. చుక్కాని సంగతి సముద్రము చూడనివారికి అంతగా తెలియదు. కాబట్టి ఓడలమీద పెరిగి, నాలుకవలన చెడి, తుదకు అదే నాలుకతో దేవునికి సాక్షియైన యొక మనుష్యుని జీవితమును ఈ నెల సంఘము ఎదుట ఉంచుచున్నాము. ఆయన ఇంగ్లండు దేశస్థుడైన జాన్ న్యూటన్. అమేజింగ్ గ్రేస్ అను కీర్తనను వ్రాసినవాడని మీలో అనేకులు ఆయన పేరు వినియుందురు.

న్యూటన్ 1725లో లండను పట్టణమున పుట్టెను. తండ్రి వర్తకపు ఓడను నడుపువాడు గనుక ఇంటిపట్టున నుండుట అరుదు. తల్లి ఎలిజబెత్ క్షయరోగముతో బాధపడుచున్నను, తన యొక్కగానొక్క కుమారునికి దేవుని వాక్యమును, చిన్న కీర్తనలను, ప్రశ్నోత్తరములను నోటికి వచ్చునట్లు నేర్పెను. అతనికి ఏడేండ్లు నిండుటకు కొన్ని దినముల ముందు, 1732లో, ఆమె కన్నుమూసెను. తాను విత్తిన మాటలకు పంట వచ్చుట ఆమె చూడలేదు. తల్లులారా, ఈ సంగతిని మనస్సున ఉంచుకొనుడి.

పదునొకండవ యేట బాలుడు తండ్రితోకూడ ఓడ యెక్కెను. నావికుల సహవాసములో తల్లి నేర్పిన మాటలు అడుగంటి, బూతులును దేవదూషణయు పైకి వచ్చెను. 1744లో అతనిని బలవంతముగా పట్టుకొని హార్విచ్ అను యుద్ధనౌకలో చేర్చిరి. ఆ నౌకలో ఒక గుమాస్తా ఉండెను. అతడు భక్తిని తేలికచేసి నేర్పుగా మాటలాడువాడు. న్యూటన్ ఆ మాటలకు లోబడి విశ్వాసమును విడిచిపెట్టెను. అంతటితో ఆగక, యోబు లూయిస్ అను యౌవనస్థుని చెవిలో అవే మాటలు పోసెను. లూయిస్ మంచి పెంపకములో పెరిగినవాడు. న్యూటన్ మాటలు విని అతడును తప్పిపోయెను. చీడ ఒక చేను నుండి ప్రక్క చేనికి ప్రాకినట్లు దుర్బోధ ఇట్లు నోటినుండి చెవికి ప్రాకెను.

న్యూటన్ నౌకను విడిచి పారిపోజూచి, పట్టుబడి, కొరడా దెబ్బలు తినెను. పిమ్మట బానిసల వ్యాపారపు ఓడలోనికి మార్చబడి ఆఫ్రికా పడమటి తీరము చేరెను. సియెర్రా లియోన్ ప్రాంతమున ఒక దీవిలో బానిసల వర్తకుని కొలువులో నుండి, జ్వరముతో పడి, ఆకలికి తాళలేక పచ్చి దుంపలు త్రవ్వుకొని తినెను. అప్పుడు సంకెళ్లతోనున్న బానిసలు తమకు దొరకిన కొద్దిపాటి తిండిలోనుండి కొంత రహస్యముగా తెచ్చి అతనికి పెట్టిరి. చదువరులారా, ఈ మేలును మరువకుడి. మరల దీనియొద్దకు వచ్చెదము.

కొంతకాలమునకు, అతని తండ్రి విన్నపమునుబట్టి, గ్రేహౌండ్ అను వర్తకపు ఓడ అతనిని ఎక్కించుకొనెను. నావికులు సాధారణముగా నోటి శుద్ధి లేనివారని పేరు. అట్టి ఓడనాయకుడు సహితము న్యూటన్ నోట వచ్చు దూషణలు సహింపలేక గద్దించెను. అతడు వాడుకలోనున్న తిట్లు చాలక క్రొత్తవి కల్పించువాడు.

1748 మార్చి 10వ తేదీ రాత్రి అట్లాంటిక్ మహాసముద్రములో గొప్ప తుపాను లేచి ఓడ ప్రక్కను బద్దలు చేసెను. న్యూటన్ నిద్ర లేచి నిచ్చెన యెక్కి పైకి పోవుచుండగా, ఓడనాయకుడు కత్తి తెమ్మని అతనిని వెనుకకు పంపెను. అతనికి బదులుగా పైకి పోయిన మనుష్యుని అల కొట్టుకొనిపోయెను. తెల్లవారువరకు నీరు తోడిరి. ఉదయమున న్యూటన్ ఓడనాయకునితో మాటలాడుచు, ఈ ప్రయత్నము చాలనియెడల ప్రభువే కనికరింపవలెనని ఆలోచన లేకయే పలికెను. పలికిన వెంటనే ఆ మాట తిరిగి అతని చెవినే తాకెను. ఏండ్ల తరబడి దేవుని నామమును దూషించిన నోటినుండి కనికరమను మాట వచ్చెను! నావంటివానికి కనికరమెక్కడిదని అతని గుండె అదరెను. మధ్యాహ్నము మొదలుకొని అర్ధరాత్రివరకు అతడు చుక్కాని పట్టుకొని నిలిచియుండి, గడచిన బ్రదుకును, తాను అపహాస్యము చేసిన వాక్యములను జ్ఞాపకము చేసికొనెను. తల్లి నేర్పిన మాటలు చావలేదు. దాదాపు నాలుగు వారములకు ఆ ఓడ ఐర్లండు తీరము చేరెను.

నాటినుండి బూతులు, ఒట్టులు అతనిని విడిచిపోయెను. ఇక్కడ కథ ముగించినయెడల మనకు సులువుగా నుండును. కాని సత్యము చెప్పవలెను. 1750 మొదలు 1754 వరకు న్యూటన్ తానే ఓడనాయకుడై మూడు ప్రయాణములు చేసి ఆఫ్రికావారిని బానిసలుగా కొని అమ్మెను. ఆదివారమున నావికులను కూర్చి ప్రార్థన చదువుచుండెను. అదే ఓడ అడుగుభాగమున మనుష్యులు సంకెళ్లలో మూలుగుచుండిరి. తనకు ఆకలివేళ తిండి పెట్టిన జనుల పక్షముగా ఆ నోట ఒక్క మాటయు రాలేదు. చెడుమాట మానిన నోరు న్యాయమైన మాట పలుకుట ఇంకను నేర్చుకొనలేదు.

ఆ దినములలోనే యోబు లూయిస్ మరల కనబడెను. తాను చెడగొట్టిన వానిని బాగుచేయవలెనని న్యూటన్ అతనిని తన ఓడలో తీసికొనిపోయి, ఎన్నో విధముల బ్రతిమాలి చెప్పెను. లూయిస్ వినలేదు. ఆఫ్రికా తీరమున జ్వరము తగిలి, నిరీక్షణ లేనివాడై చనిపోయెను. విత్తిన చేయి ఒకటే. కాని మొదట విత్తిన కలుపును ఆ చేయి పెరికివేయలేకపోయెను.

1754లో జబ్బుచేసి న్యూటన్ సముద్రము విడిచెను. లివర్‌పూలు రేవులో ఉద్యోగము చేయుచు వాక్యమును నేర్చుకొని, 1764లో పాదిరిగా అభిషేకము పొంది ఓల్నీ అను చిన్న ఊరి సంఘమునకు కాపరియాయెను. అక్కడ లేసు అల్లుకొని బ్రదుకు బీదలు అనేకులు. వారికి అర్థమగునట్లు సామాన్యమైన మాటలతో బోధించి, కీర్తనలు వ్రాసెను. అమేజింగ్ గ్రేస్ 1773 నూతన సంవత్సర ఆరాధనకు సిద్ధపరచిన కీర్తన. 1780లో లండనులోని సంఘమునకు వచ్చెను. 1785లో విల్బర్‌ఫోర్సు అను పార్లమెంటు సభ్యుడు, నూతనముగా మారుమనస్సు పొంది, రాజ్యకార్యములు మానవలెనా అని అడుగుటకు రహస్యముగా ఆయనయొద్దకు వచ్చెను. మానవద్దని, ఆ స్థానములోనే దేవుని సేవింపుమని న్యూటన్ సలహా చెప్పెను. ఆయన ప్రసంగములు విని మార్పునొందిన క్లాడియస్ బుకానన్ 1797లో మన దేశమునకు పాదిరిగా వచ్చెను.

తుదకు 1788లో, సముద్రము విడిచిన ముప్పది నాలుగేండ్లకు, న్యూటన్ బానిసల వ్యాపారమునుగూర్చి నోరు తెరచెను. తాను చూచిన దానిని, తాను చేసిన దానిని దాచక పుస్తకముగా వ్రాసి ప్రకటించెను; తన ఒప్పుకోలు మిక్కిలి ఆలస్యమైనదని అందులోనే విలపించెను. ప్రభుత్వ విచారణ సభ ఎదుటను, 1790లో పార్లమెంటు కమిటీ ఎదుటను సాక్ష్యము చెప్పెను. తన పాపమునే సాక్ష్యముగా నిలిపిన వానిని కాదనుట యెవరితరము? విల్బర్‌ఫోర్సు ఏటేట పోరాడగా 1807 మార్చిలో ఆ వ్యాపారమును నిషేధించు చట్టము వచ్చెను. అదే సంవత్సరము డిసెంబరు 21న, ఎనుబది రెండేండ్ల ప్రాయమున, న్యూటన్ ప్రభువునందు నిద్రించెను.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ జీవితమునుండి మనము నేర్చుకొనవలసినదేమి? బూతులు మానితిమి, బాప్తిస్మము పొందితిమి, ఇక మా నాలుక శుద్ధియైనదని మనము తృప్తిపడరాదు. వ్యర్థమైన ప్రతి మాటకు లెక్క చెప్పవలెనని ప్రభువు మత్తయి సువార్త పండ్రెండవ అధ్యాయములో హెచ్చరించెను. నోరులేనివారి పక్షముగా నోరు తెరవవలెనని సామెతల గ్రంథము ఆజ్ఞాపించుచున్నది. మాటలాడిన పాపము ఒకటి. మాటలాడవలసినచోట ఊరకుండిన పాపము మరియొకటి. కూలివానికి కూలి ఎగగొట్టునప్పుడు, విధవరాలి గట్టు జరుపునప్పుడు, రచ్చబండ మీద నిర్దోషిని నిందించునప్పుడు మన నోరు ఏమి చేయుచున్నది? ఆదివారమున పాడిన నోరు సోమవారమున మూతపడుచున్నదా?

అట్లే, చిన్నవారి చెవిలో మనము వేయు మాట ఎట్టిదో చూచుకొందము. ఎలిజబెత్ మాట తుపానులో మొలకెత్తెను. హార్విచ్ గుమాస్తా మాట లూయిస్ సమాధివరకు పోయెను. రెండును మాటలే. మేలు చేయవలసినయెడల నేడే చేయుదము. న్యూటన్ వలె ముప్పది నాలుగేండ్లు జాగుచేయకుందము. జాగుచేసినవారును నిరాశపడనక్కరలేదు, ఆలస్యముగా పలికిన సత్యమును సహితము దేవుడు వాడుకొనెను.

ప్రభువా, మా పెదవుల వాకిట కావలి యుంచుము. మా నాలుక అను చుక్కానిని నీ చేతికి అప్పగించుచున్నాము. మూయవలసినచోట మూసి, తెరవవలసినచోట తెరువుము. యేసు నామమున, ఆమేన్.