సభను సొంత ఇంటిలా నడిపిన మన తిరుత్తణి పెద్దమనిషి

సెప్టెంబరు 5 వస్తే బడిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పటానికి పూలదండ వేస్తాం. ఆయన గొప్ప ఉపాధ్యాయుడని, తర్వాత రాష్ట్రపతి అయ్యారని మూడో తరగతి పిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు. ఈ రెండింటికీ మధ్య ఆయన పదేళ్ళు చేసిన పని ఒకటుంది. దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. రాజ్యసభకు మొట్టమొదటి ఛైర్మన్ ఆయనే. సభలో ఎవరు ఎప్పుడు మాట్లాడాలి, ఏ మాట హద్దు దాటింది అనేది తేల్చే బాధ్యత ఛైర్మన్‌ది.

రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి వీరాస్వామి గారు జమీందారు కొలువులో చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందే. ఇక్కడ మొదలైన చదువు తిరుపతి, వేలూరు మీదుగా మద్రాసు క్రిస్టియన్ కళాశాల దాకా ఎక్కువగా ఉపకార వేతనాల మీదే సాగింది. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డ్‌లలో బోధించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు.

సభ నియమం అంటే ఆయనకు ఎంత పట్టింపో 1947 ఆగస్టు 14 రాత్రి తెలిసింది. రాజ్యాంగ సభలో సభ్యులు సరిగ్గా పన్నెండు గంటలకు ప్రతిజ్ఞ చేయాలి. అప్పటిదాకా ప్రసంగించే బాధ్యతను నెహ్రూ గారు ఈయనకు అప్పగించారు. ముందుగా ముగిస్తే సభ ఖాళీగా కూర్చోవాలి, ఆలస్యమైతే ముహూర్తం దాటిపోతుంది. ఆయన గడియారం ముల్లును చూసుకుంటూ సమయానికి ముగించారు.

1952 మే 13న రాజ్యసభ మొదటిసారి సమావేశమైంది. ఉపరాష్ట్రపతి అయినవారే రాజ్యసభకు ఛైర్మన్ కావాలని రాజ్యాంగం చెబుతుంది. అలా ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు. తనకు ఏ పార్టీ లేదు కాబట్టి సభలోని పార్టీలన్నీ తనవేనని ఆయన మొదట్లోనే చెప్పేశారు.

పిల్లలూ, ఆ సభ నియమాలు మన తరగతి నియమాల్లాంటివే. సభ్యులు ఏం చెప్పినా ఒకరితో ఒకరు కాకుండా ఛైర్మన్‌ను ఉద్దేశించి చెప్పాలి. ఛైర్మన్ లేచి నిలబడితే మాట్లాడుతున్నవారు ఆపి కూర్చోవాలి. తప్పు మాట దొర్లితే దాన్ని రికార్డు నుంచి తీసేయించే అధికారం ఛైర్మన్‌కు ఉంది. గొడవ చేసేవారిని బయటికి పొమ్మనవచ్చు. మరీ మితిమీరితే సభ తీర్మానం చేసి సస్పెండ్ చేయవచ్చు.

ఇన్ని అధికారాలున్నా రాధాకృష్ణన్ గారి పదేళ్ళలో ఒక్క సభ్యుడు కూడా సస్పెండ్ కాలేదు. రాజ్యసభలో మొదటి సస్పెన్షన్ ఆయన ఆ కుర్చీ దిగాక, 1962 సెప్టెంబరులో జరిగింది. వాదన వేడెక్కినప్పుడు ఆయన ఒక సంస్కృత శ్లోకమో, బైబిల్ వాక్యమో, చిన్న చమత్కారమో విసిరేవారు. కోపంతో లేచినవాళ్ళు కూడా నవ్వి కూర్చునేవారు. ఆయన సభను ఒక కుటుంబంలా నడిపారని నెహ్రూ గారే మెచ్చుకున్నారు.

ఇక మనకు బాగా దగ్గరి సంగతి. ఛైర్మన్ చర్చలో పాల్గొనకూడదు. రెండు వైపులా ఓట్లు సమానమైతే తప్ప ఓటు కూడా వేయకూడదు. ఆయన ఛైర్మన్‌గా ఉన్న కాలంలోనే తిరుత్తణి రెండుసార్లు రాష్ట్రం మారింది. 1953లో చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళింది. సరిహద్దుల మార్పు చట్టం 1959లో పార్లమెంటు ఆమోదం పొంది, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పుడు లోక్‌సభ స్పీకరు చిత్తూరు నుంచి గెలిచిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. అంటే ఉభయసభల పెద్దలూ ఈ ప్రాంతం వారే! తమ ఊళ్ళ సంగతి తేలుతున్నా ఇద్దరూ ఏ పక్షమూ వహించకూడని స్థానాల్లో ఉన్నారు. మన ఇళ్ళలో ఆస్తి పంపకం జరిగితే మధ్యస్థంగా కూర్చున్న పెద్దాయన పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మనలాంటి బడులకు ఆధారమైన మాట కూడా ఆ కాలంలోనే రాజ్యాంగంలో చేరింది. 1956లో ఏడో సవరణ ద్వారా 350ఎ అధికరణం వచ్చింది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలని అది చెబుతుంది. తక్కువమంది ఉన్నవాళ్ళ మాట కూడా సభలో వినబడితేనే ఇలాంటివి సాధ్యమవుతాయి. నియమం లేని సభలో గొంతు పెద్దగా ఉన్నవాడిదే గెలుపు.

1962లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఆ ఏడాది నుంచే ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి పిల్లలకు ప్రసంగం కంఠస్థం చేయించేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. భోజనాల దగ్గర ఇంట్లో చిన్నవాడు ఏదైనా చెప్పబోతే, వాడు ముగించేదాకా పెద్దవాళ్ళం ఆగుదాం.