క్లచ్ ప్లేటు తెలిసిన మనిషి

మన హాస్టల్లో ఏ ఫ్లోరుకి వెళ్ళినా కనీసం ఒక్క లాప్‌టాప్ వాల్‌పేపరు మీదైనా లాంబోర్గిని కారు ఉంటుంది. ఆ పేరు వెనకున్న మనిషి గురించి మాత్రం ఎవర్నడిగినా ఒకటే రీల్ కథ చెప్తారు. ట్రాక్టర్లు తయారుచేసే ఒకాయన తన ఫెరారీ బాగాలేదని ఫిర్యాదు చేశాడు, ఎంజో ఫెరారీ అవమానించాడు, ఈయన పంతం పట్టి ఇంకో కార్ల కంపెనీ పెట్టేశాడు. అంతే. మన సినిమాల్లో ఇంటర్వెల్ సీను లాగా ఒక్క నిమిషంలో అయిపోయే పగ కథ.

నాకు ఆ నిమిషం కన్నా దానికి ముందున్న పదిహేనేళ్ళు ఎక్కువ నచ్చాయి. ఫెరూచో లాంబోర్గిని కార్లు తయారుచేయకముందు కార్లు కొన్న మనిషి. చేతిలో డబ్బు లేనప్పుడు పాత కారు కొని, విప్పి, రేసు కోసం మార్చుకున్నాడు. డబ్బొచ్చాక రేస్ ట్రాక్ మీద పుట్టిన కార్లను కొని రోడ్డు మీద నడిపాడు. కారు కొనడం వేరు, కొన్నాక దానితో కాపురం చేయడం వేరు అని ఆయనకి తెలిసినంతగా ఎక్కువమందికి తెలిసి ఉండదు. పైగా రైతు ఇంటి పిల్లోడు. నాది మైదుకూరు. కేసీ కాలువ కింద వరి, పసుపు పండించే ఊరి నుంచి వచ్చినవాడికి ఇటలీలో ఇంకో రైతుబిడ్డ కథ దగ్గరగా అనిపించడంలో వింతేం లేదు.

ఫెరూచో 1916 ఏప్రిల్ 28న పుట్టాడు. ఊరు ఉత్తర ఇటలీలో చెంతో పట్టణం పక్కనున్న రెనాద్జో. అమ్మానాన్నలది ద్రాక్ష తోటల సేద్యం. పిల్లోడికి మాత్రం తోట కన్నా తోటలో పనిచేసే యంత్రాల మీదే ధ్యాస. బొలోన్యా దగ్గర ఒక టెక్నికల్ స్కూల్లో మెకానిక్ పని నేర్చుకున్నాడు. 1940లో యుద్ధం పిలిచింది. ఇటలీ వైమానిక దళంలో మెకానిక్‌గా రోడ్స్ దీవికి పంపారు. అప్పట్లో ఆ దీవి ఇటలీ చేతిలో ఉండేది. అక్కడ సైన్యం బండ్లన్నీ చూసుకునే విభాగానికి ఆయనే సూపర్‌వైజర్ అయ్యాడు. చుట్టూ సముద్రం, పైన యుద్ధం. స్పేర్ పార్టు కావాలంటే ఎక్కడి నుంచి వస్తుంది? ఒక బండిలోది పీకి ఇంకో బండికి పెట్టాలి, లేకపోతే ఉన్నదాన్నే సాగదీయాలి. యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ వాళ్ళకి బందీగా చిక్కి, 1946లో గానీ ఇల్లు చేరలేదు.

తిరిగొచ్చి పియేవే ది చెంతో అనే ఊళ్ళో గ్యారేజీ పెట్టాడు. ఆ చుట్టుపక్కల రైతులకి ట్రాక్టర్లు కావాలి, కొత్తవి కొనే స్తోమత లేదు. ఇంకోపక్క సైన్యాలు వదిలేసి పోయిన బండ్లు, ఇంజిన్లు ఎక్కడపడితే అక్కడ పడున్నాయి. ఈ రెండిటినీ కలిపి చూడటమే ఫెరూచో తెలివి. బ్రిటిష్ మోరిస్ లారీల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్లు తీసుకుని ట్రాక్టరు కట్టాడు. దాని పేరు కారియోకా. పెట్రోలు ఖరీదు కాబట్టి సొంతంగా ఒక అటామైజర్ తయారుచేశాడు. ఇంజిన్ పెట్రోలుతో స్టార్టవుతుంది, వేడెక్కాక చవకైన డీజిల్‌కి మారుతుంది. మన వైపు పాత రైతుల్ని అడగండి, పెట్రోలుతో తిప్పి కిరోసిన్‌తో నడిపించే నీళ్ళ ఇంజిన్ల గురించి చెప్తారు. సూత్రం దాదాపు అదే. ఆ ట్రాక్టరు బాగా ఆడటంతో 1,000 మోరిస్ ఇంజిన్లు కొని, 1948లో లాంబోర్గిని ట్రాక్టర్ల కంపెనీ పెట్టాడు.

ఈ సంతోషం మధ్యలోనే 1947లో భార్య క్లేలియా కొడుకు తోనీనోని కని చనిపోయింది. చేతిలో పసిబిడ్డ, పక్కన అప్పుడప్పుడే నిలబడుతున్న గ్యారేజీ. ఆ రోజుల్లోనే రాత్రిళ్ళు గ్యారేజీలో ఒక పాత ఫియట్ తోపోలీనో మీద పనిచేసేవాడు.

తోపోలీనో అంటే చిట్టెలుక. 569 సీసీ ఇంజిన్, 13 హార్స్‌పవర్, ఇద్దరు ఎక్కే బుల్లి కారు. మన బుల్లెట్ బండి ఇంజిన్‌కి కాస్త పెద్దన్న అనుకోండి. ఫెరూచో దాని టాపు తీసేసి, ఓపెన్ టూ సీటర్ చేసి, ఇంజిన్‌ని 750 సీసీకి పెంచి రేసు కారుగా మార్చేశాడు. 1948లో మిల్లే మిల్యాకి దిగాడు. బ్రేషా నుంచి బయలుదేరి, ఇటలీ అంతా చుట్టి, మళ్ళీ బ్రేషాకే వచ్చే వెయ్యి మైళ్ళ రేసు అది. ట్రాక్ ఉండదు, మామూలు రోడ్ల మీదే. దాదాపు 1,100 కిలోమీటర్లు లాగాక ఫియానో అనే ఊళ్ళో రోడ్డు పక్క భోజనశాల గోడని గుద్దేశాడు. కారు భోజనశాలలోకి దూరింది, ఆయన రేసుల నుంచి బయటికొచ్చాడు. ఆ తర్వాత రేసుల వైపు పోలేదు. తర్వాత తన పేరుతో కార్ల కంపెనీ పెట్టినా, ఎందరు అడిగినా, ఫ్యాక్టరీ తరఫున రేసు టీము పెట్టనివ్వలేదు.

1950ల్లో ట్రాక్టర్లు బాగా నడిచాయి. తర్వాత ఇళ్ళని వెచ్చగా ఉంచే హీటర్ల వ్యాపారం కూడా కలిసొచ్చింది. డబ్బు చేరింది. వారంలో రోజుకొక కారు నడిపేంతగా కొన్నాడు. ఆల్ఫా రోమియో, లాంచా, మసెరాటి, మెర్సిడెస్, జాగ్వార్. 1958లో మరనెల్లో వెళ్ళి ఫెరారీ 250 జీటీ కొన్నాడు. తర్వాత ఇంకొన్ని ఫెరారీలూ కొన్నాడు.

ఇక్కడ ఫెరారీ అంటే ఏంటో కాస్త చెప్పాలి. ఎంజో ఫెరారీకి రేసే ముఖ్యం. రోడ్డు కార్లు అమ్మేది రేసులకి డబ్బు కోసమే. 250 జీటీలోని మూడు లీటర్ల వి12 ఇంజిన్ రేసుల్లో పుట్టింది. ట్రాక్ మీద అది అద్భుతం. కానీ రేసు డ్రైవరు రెండు మూడు గంటలు నడిపి దిగిపోతాడు, వెంటనే మెకానిక్‌లు దాన్ని విప్పేస్తారు. కొన్నవాడి సంగతి అలా కాదు. పొద్దున ఊళ్ళో ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోవాలి, సాయంత్రం ఇంటికి రావాలి, మర్నాడు మళ్ళీ తీయాలి. ఫెరూచోకి ఆ కారు పరుగు నచ్చింది. చప్పుడు, కుదుపు, లోపల సరిగా లేని సీటింగు నచ్చలేదు. ఆయన లెక్కలో అది రోడ్డుకి తెచ్చిన ట్రాక్ కారు. అన్నిటికన్నా విసిగించింది క్లచ్. మాటిమాటికీ అరిగిపోయేది. ప్రతిసారీ మరనెల్లో తీసుకెళ్ళాలి. అక్కడి మెకానిక్‌లు కారుని లోపలికి తోసుకెళ్ళి, పని కనపడనివ్వకుండా కొన్ని గంటలు చేసి ఇచ్చేవాళ్ళు.

క్లచ్ విషయం మా ఇంట్లో బాగా తెలుసు. మా నాయన కొన్నది సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు. ఇనుప చక్రాలేసి వరి మడి బురదలో దున్నేటప్పుడు మా నాయన కాలు క్లచ్ మీద నుంచి దిగదు. సగం నొక్కి, సగం వదిలి లాగుతుంటాడు. సీజన్ అయ్యేసరికి ఇంజిన్ గట్టిగా అరుస్తుంది గానీ బండి కదలదు. ప్లేటు జారుతోందన్నమాట. ప్రొద్దుటూరు నుంచి కొత్త ప్లేటు తెచ్చి, బండిని మధ్యకి విడదీసి, మెకానిక్ దాన్ని మారుస్తాడు. నేను పక్కన నిలబడి పానాలు అందించేవాణ్ణి. థర్డ్ ఇయర్లో క్లచ్ టార్క్ లెక్క వచ్చినప్పుడు నాకు కొత్తగా ఏం అనిపించలేదు. ఘర్షణ గుణకం, స్ప్రింగు ఒత్తిడి, ప్లేటు సగటు వ్యాసార్ధం, రాసుకునే తలాల సంఖ్య, ఈ నాలుగూ గుణిస్తే ప్లేటు జారకుండా ఎంత టార్క్ మోయగలదో వస్తుంది. ఇంజిన్ ఇచ్చే టార్క్ దానికన్నా పెద్దదైతే ప్లేటు జారి కాలిపోతుంది. ఎంత గొప్ప బ్రాండైనా ఈ లెక్క మారదు.

ఫెరూచో కూడా ఆ లెక్క తెలిసినవాడే. ఆయన తర్వాతి రోజుల్లో ఇంటర్వ్యూల్లో చెప్పిన ప్రకారం, విసుగొచ్చి కారుని తన ట్రాక్టర్ ఫ్యాక్టరీలోనే విప్పించాడు. లోపలున్న క్లచ్ తన ట్రాక్టర్లకి వాడే రకమే. దాన్ని తీసేసి తన దగ్గరున్న ఇంకాస్త పెద్దది పెట్టించాడు. సమస్య పోయింది. ఈ సంగతి ఎంజోకి చెప్పబోతే, ట్రాక్టర్లు నడిపేవాడికి ఫెరారీ గురించి ఏం తెలుసన్నట్టు మాట్లాడాడట. రీల్స్‌లో కథ ఈ అవమానం దగ్గరే ఆగుతుంది. నాకైతే అసలు కథ దానికి ముందే, ఆ క్లచ్ విప్పడంలోనే ఉంది. కోపం ఎవరికైనా వస్తుంది. ఆ కోపం చల్లారకముందే పానా పట్టుకుని కారు కింద దూరి, తప్పు ఎక్కడుందో కొలత వేసి చూసేవాళ్ళు తక్కువ.

1963లో బొలోన్యా దగ్గర సంత్ అగాతాలో ఆటోమొబిలి లాంబోర్గిని మొదలైంది. ఇంజిన్ డిజైన్‌కి, అంతకుముందు ఫెరారీ నుంచి బయటికొచ్చిన జొత్తో బిద్జారీనిని పెట్టుకున్నాడు. ఆయన మూడున్నర లీటర్ల వి12 గీశాడు, కానీ అది మళ్ళీ రేసు ఇంజినే. చాలా ఎక్కువ ఆర్పీఎం దగ్గర 360 హార్స్‌పవర్. ఫెరూచో తాను దేని గురించి ఫిర్యాదు చేశాడో అదే తన ఫ్యాక్టరీలో తయారవుతుంటే ఊరుకుంటాడా? రోడ్డు మీద రోజూ నడపగలిగేలా దాని వేడి తగ్గించే పని కుర్ర ఇంజినీర్లు జాన్ పావ్‌లో దల్లారా, పావ్‌లో స్తాంద్జానీలకి అప్పగించాడు. ఆ ఏడాది టూరిన్ షోలో పెట్టిన మొదటి నమూనా కారులో ఇంజిన్ పట్టనే లేదు. బానెట్ కింద బరువు కోసం ఇటుకలు పేర్చి, బానెట్ ఎత్తకుండా షో ముగించారు. ప్రాజెక్ట్ ఎక్స్‌పో ముందురోజు రాత్రి మనం పడే పాట్లు వాళ్ళూ పడ్డారని తెలిస్తే కాస్త ఊరటే కదా. 1964లో జెనీవాలో అసలు కారు 350 జీటీ వచ్చింది. హార్స్‌పవర్ 280 దాకా దిగింది. రోడ్డు మీద నడపడానికి ఆ తగ్గింపే మేలు చేసింది. ఆ మోడల్ 120 కార్లు తయారయ్యాయి.

అయితే ఆయనకి పేరు తెచ్చింది ఆ బుద్ధిమంతుడైన కారు కాదు, మియూరా. దల్లారా, స్తాంద్జానీ, టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్ ముగ్గురికీ రేసు పిచ్చి. పని గంటలయ్యాక కూర్చుని, వి12 ఇంజిన్‌ని డ్రైవరు వెనకాల అడ్డంగా పెట్టిన చాసిస్ ఒకటి తయారుచేశారు. ప్రచారానికి పనికొస్తుందిలే అని ఫెరూచో ఒప్పుకున్నాడు. 1965లో టూరిన్‌లో బాడీ లేని చాసిస్ చూసే జనం ఆర్డర్లిచ్చారు. 1966లో బెర్తోనే సంస్థలో మార్చెల్లో గందీని గీసిన బాడీతో జెనీవాలో నిలబెడితే లోకం నోరు తెరిచింది.

కొన్నవాళ్ళ అనుభవం మాత్రం వేరు. తలకి జానెడు దూరంలో పన్నెండు సిలిండర్లు మోగుతుంటాయి. లోపల వేడి. పెట్రోలు ట్యాంకు ముందు భాగంలో ఉంది, అది ఖాళీ అయ్యేకొద్దీ ముందు బరువు తగ్గి, వేగంలో ముక్కు తేలిపోయేది. తొలి కార్లలో ఇంజిన్‌కి, గేర్‌బాక్సుకి ఒకటే ఆయిలు, కాబట్టి గేర్లలో అరిగిన ఇనుప రజను ఇంజిన్‌లోకీ తిరిగేది. ఫెరారీ మోటుగా ఉందని విసుక్కున్న మనిషి పేరు మీదే, అంతకన్నా మోటు కారు అమరమైపోయింది. దీన్ని ఆయన ఓటమి అనుకోవాలో గెలుపు అనుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు. కారు కొనేటప్పుడు మనసు ఒకటి కోరుతుంది, కొన్నాక నడుము, చెవులు, జేబు ఇంకోటి కోరతాయి. ఆయన రెండోదాని కోసం కంపెనీ పెట్టాడు, జనం మొదటిదాన్నే ఎగబడి కొన్నారు.

1970ల మొదట్లో కష్టాలు ట్రాక్టర్ల వైపు నుంచే వచ్చాయి. దక్షిణాఫ్రికా దిగుమతిదారు ఆర్డర్లు ఆపేశాడు. బొలీవియాలో సైన్యం అధికారం పట్టి, ఓడ ఎక్కడానికి సిద్ధమవుతున్న పెద్ద ఆర్డరుని రద్దు చేసింది. ట్రాక్టర్ల కంపెనీని సామే అనే ఇంకో ఇటలీ ట్రాక్టర్ కంపెనీకి అమ్మేశాడు. 1972లో కార్ల కంపెనీలో 51 శాతం, 1974లో మిగతా 49 శాతం ఇద్దరు స్విట్జర్లాండ్ వ్యాపారులకి వెళ్ళిపోయాయి. ఫెరూచో మధ్య ఇటలీలో త్రసిమేనో సరస్సు పక్కన భూమి కొని, ద్రాక్ష తోట వేసి, వైన్ చేయడం మొదలుపెట్టాడు. దానికి పెట్టిన పేరుకి అర్థం మియూరా రక్తం. ఎక్కడ మొదలయ్యాడో మళ్ళీ అక్కడికే, సేద్యంలోకే వచ్చాడు. 1993 ఫిబ్రవరి 20న పెరూజాలో, 76 ఏళ్ళ వయసులో, గుండెపోటు తర్వాత చనిపోయాడు.

కార్ల కంపెనీ చేతులు మారి మారి 1998 నుంచి ఆడి చేతిలో ఉంది. ట్రాక్టర్ల కంపెనీ సామే గ్రూపులో భాగంగా ఇంకా నడుస్తోంది. ఆ గ్రూపు మనకి దగ్గర్లోనే, తమిళనాడు రాణిపేటలో కూడా ఫ్యాక్టరీ పెట్టింది.

ఇది చదివినవాళ్ళలో చాలామంది జీవితంలో మొదట కొనేది సెకండ్ హ్యాండ్ బండే. వాల్‌పేపరు కారు కొనే రోజు వస్తే రానివ్వండి, సంతోషమే. ఈలోపు కొన్న పాత బండి మొరాయిస్తే, షోరూమ్ వాణ్ణి తిట్టేముందు ఒకసారి దాని క్లచ్ కవరు విప్పి చూడండి. మన మెకానికల్ ల్యాబ్ మూలన కట్ సెక్షన్ క్లచ్ ఒకటి దుమ్ము పట్టి ఉంది. బ్రాంచి ఏదైనా సరే, వెళ్ళి ఒక్కసారి చేత్తో తిప్పి చూడండి.