జోసఫ్ ప్రీస్ట్లీ: గాలిని గొలిచిన పండితుడు

మన పాఠశాల ప్రయోగశాలలో రాగిముక్కలపై నీరు గలిపిన నత్రికామ్లమును పోసినపుడు వర్ణములేని వాయు వొకటి పుట్టి, బయటిగాలి తగిలిన తోడనే యెఱ్ఱని పొగగా మాఱుటను పైతరగతుల విద్యార్థులు చూచియే యుందురు. ఆ వర్ణరహిత వాయువునకు నైట్రిక్ ఆక్సైడని పేరు. దానిని శ్రద్ధతో సేకరించి, గుణములను మొదట వివరించినవాడు జోసఫ్ ప్రీస్ట్లీ. ప్రాణవాయువును కనుగొనినవానిగా నితని పేరు మీ పుస్తకములలో గలదు గాని, యీ రెండవ వాయువును గూర్చి సాధారణముగ నొక్క ముక్కయు గానరాదు. ఇతని చరిత్రలో నాకు మిక్కిలి వింతగ దోచునది యీ రెండవ వాయువు కథయే.

ఇంగ్లండు దేశమున యార్కుషైరు మండలములో లీడ్సు నగరసమీపమున 1733 వ సంవత్సరము మార్చి నెలలో ప్రీస్ట్లీ జన్మించెను. తండ్రి ఉన్నిబట్టలకు మెఱుగుపెట్టి జీవించువాడు. ఆఱేండ్ల ప్రాయమున తల్లి గతింపగా, కొంతకాలమునకు బిడ్డలులేని మేనత్త యతనిని చేరదీసి పెంచెను. మాటలో నత్తి, దేహారోగ్యము నంతంతమాత్రమే. అట్లుండియు లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలను చిన్ననాటనే యభ్యసించెను. రాజాదరణముగల సంఘమున జేరనివారికి ఆక్స్ఫర్డు, కేంబ్రిడ్జి పట్టములు దొరకని కాల మది. కావున డావెంట్రీ యను నూరి విద్యాలయమున చదివి, బోధకుడై, 1758 లో నాంటువిచ్చి పట్టణమునకు వచ్చి యచ్చట బడి పెట్టెను. ఆ బడి యాదాయములో మిగిల్చిన సొమ్ముతో నొక గాలిపంపును, నొక విద్యుద్యంత్రమును కొని పిల్లలకు చూపుచుండెను. ఉపాధ్యాయుని యాదాయములో మిగుల్చుట యెట్టిదో యెఱిగినవారి కీ సంగతి చిన్నదిగ దోచదు.

పిమ్మట వారింగ్టను విద్యాలయమున భాషలు బోధించెను. 1762 లో మేరీ విల్కిన్సనును వివాహమాడెను. 1766 లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1767 లో విద్యుచ్ఛక్తి చరిత్రమును ప్రకటించెను. పెన్సిలుగీతలను చెఱపుటకు రబ్బరు పనికివచ్చునని 1770 లో దన గ్రంథమొకదానియందు వ్రాసెనని చెప్పినచో మన చిన్నతరగతులవారు సంతోషింతురు.

1767 లో లీడ్సు నగరమున బోధకుడుగా కుదిరిన కాలమున నతని యింటి ప్రక్క సారాయి వంటి పానీయములను పులియబెట్టు కార్ఖానా యుండెను. అచ్చటి తొట్లమీద నిలిచియుండు బొగ్గుపులుసు గాలితో నాటలాడుచు, దానిని నీటిలో గలుపు మార్గమును కనుగొనెను. నేటి సోడానీరునకు మూల మదియే. ఆ ముచ్చట యట్లుండనిండు. అతని మనస్సును పీడించిన ప్రశ్న వేఱు. దీపములును, ప్రాణులును నిరంతరము గాలిని చెఱుపుచుండగా, లోకములోని గాలి యంతయు నేల చెడిపోకున్నది?

1771 ఆగష్టు 17 వ తేదీన, క్రొవ్వొత్తి మండి యాఱిపోయిన గాలిలో నొక పుదీనా కొమ్మను నీటిమీద బోర్లించిన గాజుపాత్రలో నుంచెను. 27 వ తేదీన నా గాలిలో మరల క్రొవ్వొత్తి చక్కగ వెలిగెను. దానితో తృప్తిపడక, చెడిన గాలిని రెండుపాళ్లు చేసి, యొకదానిలో మొక్కనుంచి, రెండవదానిని మొక్క లేకయే యట్లే నిలువయుంచి చూచెను. మొక్కయున్న గాలిలో దీపము వెలిగెను, లేనిదానిలో వెలుగలేదు.

అయితే గాలి యెంత బాగుపడినదో చెప్పుట యెట్లు? అంతవఱకు చుంచెలుకయే కొలబద్ద. అది యెంతసేపు బ్రదికినచో నా గాలి యంత మంచిది. ఒక యెలుక బలిష్ఠము, వేఱొకటి దుర్బలము. ఆ లెక్క యెట్లు నిలుచును? 1772 జూను నెలలో ప్రీస్ట్లీ నత్రికామ్లమున నిత్తడిని వేసి నైట్రిక్ ఆక్సైడును సంపాదించెను. దానిని నీటిమీద మామూలు గాలితో గలుపగా నెఱ్ఱని పొగ పుట్టి, నీటిలో గరగి, పాత్రలోని వాయుపరిమాణము తగ్గిపోయెను. మంచిగాలి యైనచో దాని పాలులో నించుమించుగ నైదవవంతు మాయమగును. చెడుగాలి యైనచో నంత తగ్గదు. తగ్గిన కొలత చూచిన గాలి గుణము తెలియును. గాలికి తక్కెడ దొరకినది. ఎలుకలకును కొంత ప్రాణభయము తొలగినది!

1774 ఆగష్టు 1 వ తేదీన పెద్ద భూతద్దముతో సూర్యకిరణములను పాదరసభస్మముపై బడవేసి, యొక క్రొత్త వాయువును రాబట్టెను. అది యెట్టిదో యతనికి వెంటనే తెలియలేదు. 1775 మార్చిలో నైట్రిక్ ఆక్సైడుతో పరీక్షింపగా మామూలు గాలివలెనే తగ్గెను; కాని మిగిలినదానిలో గూడ క్రొవ్వొత్తి వెలిగెను. అప్పుడు గాని యది సామాన్యవాయువు గాదని రూఢిపడలేదు. అనగా ప్రాణవాయువును గుర్తించుటకు నైట్రిక్ ఆక్సైడే సాక్ష్యమిచ్చినది.

ఇతని యందు లోపములు లేకపోలేదు. పుదీనా ప్రయోగము కొన్నిసార్లు ఫలించి, కొన్నిసార్లు విఫలమగుచుండెను. కారణ మతనికి చిక్కలేదు. వెలుతురు తగిలిన పచ్చని భాగములే యా పని చేయునని 1779 లో ఇంగెన్హౌసు తేల్చెను; అతడును ఈ నైట్రిక్ ఆక్సైడు కొలతనే వాడెను. ఫ్రాన్సుదేశపు లావోయిజరు రసాయనశాస్త్రమును క్రొత్తపునాదులపై నిలిపినను, ప్రీస్ట్లీ తన ప్రాత ఫ్లాజిస్టను వాదమును మరణపర్యంతము విడువలేదు. ఇంత నిశితదృష్టి గలవాడు దీనిని మాత్ర మేల చూడలేకపోయెనో నాకు బోధపడదు.

1780 లో బర్మింగుహాము చేరెను. మతవిషయమునను, ఫ్రెంచి విప్లవవిషయమునను తన యభిప్రాయములను దాచనివా డగుటచే నతనిపై జనులకు ద్వేషము ముదిరెను. 1791 జూలై 14 వ తేదీన, విప్లవము జ్ఞాపకార్థము జరిగిన విందునకు దాను పోకున్నను, అల్లరిమూక ప్రార్థనామందిరమును గాల్చి యతని యింటిపై బడెను. ఆలుమగలు ముందుగనే తప్పించుకొనిరి. గ్రంథాలయము, వ్రాతప్రతులు, ఏండ్లకొలది కూర్చుకొనిన పరికరములు నాశనమయ్యెను. 1794 ఏప్రిలులో నమెరికాకు ఓడనెక్కెను. అతడు సముద్రముపై నుండగనే, మే 8 వ తేదీన, పారిసు నగరమున లావోయిజరు శిరచ్ఛేదమునకు గుఱియయ్యెను. పెన్సిల్వేనియాలోని నార్తంబర్లెండు గ్రామమున ప్రీస్ట్లీ యిల్లు కట్టి ప్రయోగశాల నేర్పరచుకొనెను. కాని 1795 లో చిన్నకుమారుడును, మఱుసటియేడు భార్యయు గతించిరి. 1804 ఫిబ్రవరి 6 వ తేదీన నచ్చటనే మరణించెను.

ఇంక నా వాయువు మాట. నెత్తుటినాళములను సడలించుటకు మన దేహమే నైట్రిక్ ఆక్సైడును పుట్టించునని తెలిపిన మువ్వురు పండితులకు 1998 లో నోబెలు బహుమానము లభించెను. ఆ యేడే సోయా, పొగాకు మొక్కలపై జరిగిన పరిశోధనలవలన, తెగులు సోకినపుడు మొక్కలును దీనిని రక్షణసంకేతముగ వాడునని వెల్లడియయ్యెను. 2001 లో మఱియొక సంగతి బయటబడెను. ఆకులయందు గాలి వచ్చిపోవు సూక్ష్మరంధ్రములు గలవు. నీరును ఆవిరియై వానినుండియే పోవును. అనావృష్టివేళ నైట్రిక్ ఆక్సైడు ఆ రంధ్రములను మూయించి, నీటిని నిలుపును. ఉప్పునేలలకును, చలికిని మొక్క యోర్చుకొనుటలో గూడ దీనికి పాలు గలదు. మితిమీఱినచో కణములకు హానియే. మొక్క దానిని మిక్కిలి స్వల్పముగ, నవసరమైనంతవఱకే పుట్టించుకొనును.

పుదీనా చెఱిచినదో, బాగుచేసినదో కొలుచుటకు ప్రీస్ట్లీ యిత్తడినుండి తీసిన వాయువును, మొక్కలు తమంతట దామే తయారుచేసికొనుచుండెను. నీటిమీద బోర్లించిన యతని గాజుపాత్రకు దొరకవలసినంత పరిమాణము మాత్ర మందు లేదు.