బంతులు కొన్నోడే కెప్టెనా? సీకే నాయుడు కథ చదవండి

మన ఊళ్ళల్లో సంక్రాంతికి టోర్నమెంట్ పెడితే కెప్టెన్ ఎవరవుతాడు? బాగా ఆడేవాడా? చాలాచోట్ల కాదు. బంతులకీ టీషర్టులకీ డబ్బులిచ్చినోడు. లేదంటే ఫ్లెక్సీ మీద వాళ్ళ నాయన బొమ్మ ఉన్నోడు. సింగరాయకొండైనా, టంగుటూరైనా, కందుకూరైనా ఇదే తంతు. ఈ జబ్బు ఇయ్యాల పుట్టింది కాదు తమ్ముళ్ళూ. మన దేశం మొదటి టెస్టు ఆడిన రోజుల్లోనే ఉంది. దాని దెబ్బ తిని కూడా బ్యాటు కింద పెట్టనోడు ఒక తెలుగోడే. ఆయన పేరు సీకే నాయుడు.

పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టాడు. పెద్దోళ్ళది మన బందరు. తాత నాగపూర్‌లో పేరున్న వకీలు. తిండికి లేని ఇల్లేం కాదు, ఆ మాట దాచే పనిలేదు. కానీ రాజుల కొంప కూడా కాదు. ఆ రోజుల్లో క్రికెట్ అంటే దొరలదీ, దొరల పక్కన కుర్చీ వేసుకునే రాజులదీ.

1916లో బొంబాయిలో ఆయన మొదటి పెద్ద మ్యాచ్ ఆడాడు. అప్పట్లో జట్లు కూడా మతాల లెక్కనే. ఈయన హిందువుల జట్టు, అవతల యూరోపియన్ల జట్టు. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు ఆట చూసి పిలిపించి, తన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చాడు.

ఇక 1926 డిసెంబరు. ఇంగ్లండు నుంచి ఎంసీసీ జట్టు వచ్చింది. మ్యాచ్ బొంబాయి జింఖానాలో. ఆ క్లబ్బులో మనోళ్ళకి సభ్యత్వం ఇచ్చేవాళ్ళు కాదు. గడప తొక్కనివ్వని ఆ చోటే నాయుడు నిలబడి రెండు గంటల లోపే 153 కొట్టాడు. అందులో 11 సిక్సర్లు. ఇప్పటి లావుపాటి బ్యాట్లు కావవి, హెల్మెట్లూ లేవు. ఎంసీసీ వాళ్ళే ఆయనకి వెండి బ్యాటు బహుమానం ఇచ్చారు. మనోళ్ళు టెస్టులు ఆడగలరని దొరలకి నమ్మకం కలిగించిన ఇన్నింగ్స్ అది.

1932లో ఆ టెస్టు రానే వచ్చింది. ఇంగ్లండు వెళ్ళే జట్టుకి కెప్టెన్ ఎవరు? పోరుబందరు మహారాజు. వైస్ కెప్టెన్ కూడా రాజకుటుంబీకుడే. నయం, ఆ మహారాజుకి తన ఆట ఎంతో తనకి తెలుసు. టెస్టుకి పక్కకి తప్పుకున్నాడు. అట్టా జూన్ 25న లార్డ్స్‌లో ఇండియా మొదటి టెస్టుకి నాయుడు కెప్టెనయ్యాడు. అప్పటికి 36 ఏళ్ళు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా, మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అందరికన్నా ఎక్కువ, 40 పరుగులు చేశాడు. మ్యాచ్ ఓడిపోయాం. కానీ ఆ టూర్లో ఆయన 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశాడు. తర్వాతి ఏడాది విజ్డెన్ పుస్తకం ఆయన్ని ఐదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకడిగా ఎంచింది.

ఇంత చేసినోడికి 1936లో ఏం జరిగింది? కెప్టెన్సీ విజయనగరం మహారాజ్‌కుమార్ విజ్జీకి పోయింది. డబ్బుంది, పలుకుబడి ఉంది, బోర్డులో ఓట్లున్నాయి. ఆట ఎంతంటే, మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి 33 పరుగులు. తన మాట వినలేదని లాలా అమర్‌నాథ్ లాంటోణ్ణి మొదటి టెస్టుకి ముందే ఇంటికి పంపించారు. జట్టు ముక్కలైంది, సిరీస్ 2-0తో పోయింది. విజ్జీకి మాత్రం ఆ టూర్లోనే సర్ బిరుదొచ్చింది. నాయుడు చివరి టెస్టు ఓవల్‌లో ఆడాడు. బంతి వచ్చి గుండెల దగ్గర తగిలినా క్రీజు వదల్లేదు. 81 కొట్టాడు. టెస్టుల్లో ఆయనకి అదే పెద్ద స్కోరు.

మొత్తం ఏడంటే ఏడు టెస్టులు. అయినా అలిగి ఇంట్లో కూర్చోలేదు. ఆయన కెప్టెన్సీలో హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. 50 ఏళ్ళ వయసులో రంజీ ఫైనల్లో డబుల్ సెంచరీ కొట్టాడు. 1953లో మనకి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఆ సీజన్లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగింది. ఆ జట్టుకి కెప్టెన్ 58 ఏళ్ళ నాయుడే. 1956లో పద్మభూషణ్ ఇచ్చారు. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశాడు.

ఇప్పుడు ఇద్దరి పేర్ల మీదా ట్రోఫీలున్నాయి. కుర్రోళ్ళ జట్లకి సీకే నాయుడు ట్రోఫీ, యూనివర్సిటీలోళ్ళకి విజ్జీ ట్రోఫీ. చరిత్ర ఇద్దర్నీ ఒకే అరలో పెట్టింది. తేడా చూసుకోవాల్సింది మనమే.

రాజులు పోయారు. వాళ్ళ కుర్చీలో సిఫార్సు లెటర్లు కూర్చున్నాయి. పొగాకు బేళ్ళు మోసే ఇంటి పిల్లోడు, మిరప కోతకి పోయే ఇంటి పిల్ల ఎంత బాగా ఆడినా సెలక్షన్ దాకా పోలేకపోతున్నారంటే, లోపం వాళ్ళ ఆటలో లేదు. జిల్లా జట్టుకి ఎవరిని తీసుకున్నారు, ఏ స్కోరు చూసి తీసుకున్నారు అని అడగండి. అడిగే హక్కు మనకుంది. అంతకన్నా ముందు, ఈ సంక్రాంతికి మన ఊరి జట్టు రాసేటప్పుడు కెప్టెన్ పేరు ఆట చూసి రాయండి. బంతులకి డబ్బులిచ్చిన అన్నకి దండం పెట్టి, పన్నెండో ఆటగాడిగా కూర్చోబెట్టండి.